కడపటి మనిషి నడకన ఒక పాట

మా పాటను ఉరికించారు. అది నడిచే పాట. నెత్తి మీది బరువు దింపేసి, కాళ్లకు గజ్జెలు కట్టి, పెండ్లి బరాత్‌లో ఉరికించారు. దొంగతనం అని నేననను. దొంగ అయితే వస్తువును ఉన్నదున్నట్టు ఎత్తుకుపోతాడు. వీళ్లు దాన్ని మార్చి తెచ్చి మాకే వినిపించారు.

కోరుట్లలో ఎరిగినవాళ్ల పెండ్లికి పోయి విన్నాను. ట్రాలీ మీద మనిషెత్తు స్పీకరు డబ్బాలు. వాటిలోంచి మా మాటలే:

అడుగు తీసి అడుగెయ్యి అన్న – ఆకాశం మీద నిప్పున్నది
నిప్పు పడ్డనాడు సూద్దాం లే – నెత్తి మీద బరువున్నది

'నిప్పున్నది' అనగానే పిల్లలు తారాజువ్వలు వదిలారు. పెండ్లికొడుకు గుర్రం మీదనే భుజాలు ఎగరేశాడు. ఆ నిప్పు కువైట్ లడాయప్పుడు రియాద్ మీదికి వచ్చిన మిసైళ్ల నిప్పు. ఆ బరువు మేము మోసిన కాంక్రీటు తట్ట. నేను కుర్చీలోంచి లేచి డబ్బాల వైరు పీకాను. తర్వాత ఏమైందో రాయను. నన్ను గౌరవంగానే బయటికి తెచ్చారు.

ఆ పాట నాది కాదు. రియాద్‌లో తట్టలు మోసిన మా వరుసకు ముందు నడిచిన పోశెట్టి కట్టాడు, మేము తలా ఓ మాట కలిపాము. పోశెట్టి పోయి చాలా కాలమైంది. పాట మాత్రం ఆ నోటా ఈ నోటా తిరిగి జగిత్యాలలో ఒక స్టూడియోకు చేరింది. ఆ స్టూడియో నడిపే గడ్డం పిలగాడి దగ్గరికి పోయాను. కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు, కంప్యూటరు చూపించాడు. పాటను లోకం మీదికి వదిలే ముందు మూడు గడులు నింపాలట. వేగం, శ్రుతి, భావం. వేగం దగ్గర 'ఫాస్ట్' అనీ, శ్రుతి దగ్గర ఏదో ఇంగ్లీషు అక్షరమూ, భావం దగ్గర 'హ్యాపీ, పార్టీ' అనీ ఉంది.

"మూడూ తప్పే," అన్నాను.

"తాతా, జానపదానికి ఓనర్ ఉండడే. మెల్లగ పెడితే ఎవడు ఎగురుతడు?"

"ఎగరమని ఎవరన్నరు?"

పిలగాడు నవ్వాడు. "సరే, నువ్వొక్కనివి చెప్తే నేనెట్ల నమ్మాలె? నీతోని పాడినోడు ఇంకొకడుంటే వాని నోటితోని చెప్పియ్యి. నువ్వన్నట్టే మళ్ల రికార్డు చేస్త. మాటంటే మాట."

నన్ను మినహాయిస్తే ఆ వరుసలో నోరూ మతీ రెండూ నిలిచినవాడు ఒక్కడే మిగిలాడు. రాజమల్లు. ఈనాటికీ సౌదీలోనే, అభా కొండల మీద ఒక అరబ్బు తోటలో పనిచేస్తున్నాడు. ఫోన్ చేస్తే, "పాట ముచ్చట ఫోన్ల ఏం మాట్లాడుతమే, ఓసారి రారాదు," అన్నాడు. అందుకని పోయాను. సాక్ష్యం కోసం పోయాను గాని షికారుకు కాదు.

రియాద్

మేము పనికి పోయిన కాలంలో విమానం దిగగానే కంపెనీ మనిషి వచ్చి పాస్‌పోర్టులు గుంజుకుని, సంతలో మేకల్ని లెక్కపెట్టినట్టు లెక్కపెట్టుకునేవాడు. ఈసారి కౌంటరు వెనుక ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది. కళ్లు తప్ప ముఖం కనబడదు. ముద్ర కొట్టి "వెల్‌కమ్" అంది. ఆ దేశంలో నాతో మాట్లాడిన మొదటి ఆడమనిషి ఆమె. అన్నేండ్లు పనిచేసి, ముసలితనంలో విన్నాను ఆ మాట.

నా మేనల్లుడు నర్సింలు ఒక కంపెనీలో డ్రైవరు. కారు తెచ్చాడు. సిగ్నల్ దగ్గర మా పక్కన ఆగిన బండిని ఒకావిడ నడుపుతోంది. నేను అటే చూస్తుంటే వాడు నా మోకాలు గిల్లాడు.

"అట్ల చూడకు మామా. ఇప్పుడు అందరు నడుపుతరు. ఎయిర్‌పోర్టుల ఏమని చెప్పినవ్?"

"టూరిస్టునని చెప్పిన."

"అబద్ధం."

"టూరిస్టంటే ఏందిరా? సొంత పైసలతోని కష్టం కొనుక్కునేటోడు. నేను కానా?"

బత్హా బజారులో తెలుగువాళ్ల మెస్సులో తిన్నాము. అన్నం, పప్పు, కోడికూర, మజ్జిగ. పద్దెనిమిది రియాళ్లు. మా కాలంలో ఆ డబ్బుతో వరుస వరుసంతా చాయ్ తాగేది. పప్పులో చింతపండు బదులు నిమ్మకాయ పిండారు. అడిగితే, వడ్డించే నిజామాబాద్ మనిషి, "చింతపండు కూడ ఉన్నది పెద్దమనిషీ, గని ఆంధ్రోళ్లు వచ్చి పులుపెక్కువైందంటరు, మనోళ్లు వచ్చి తక్కువైందంటరు. నిమ్మకాయకైతే ఎవ్వరు పేరు పెట్టరు," అన్నాడు. ఇదొక రాజ్యాంగం. నమాజు వేళకు అప్పట్లో బజారంతా ఒక్కసారే షట్టర్లు పడేవి. ఇప్పుడు సగం పడ్డాయి, సగం పడలేదు. పడని షట్టర్లనే నేను ఎక్కువసేపు చూశాను.

"మామా, ఈడికి మక్కా ఉమ్రాకు వస్తరు, మదీనా పోతరు, బంగారానికి వస్తరు," అన్నాడు నర్సింలు చేయి కడుక్కుంటూ. "పాటకు సాక్ష్యం కోసం వచ్చినోనివి మాత్రం నువ్వొక్కనివే."

సులై

రియాద్ అంచున సులైలో మేము ఉన్న క్యాంపు లేదు. ఆ జాగాలో టైర్ల గోదాము ఉంది. పక్కన మేము స్లాబు వేసిన గోదాము మాత్రం అట్లాగే ఉంది. దాని మీద మరో అంతస్తు లేచింది. కాపలా ఉన్న బంగ్లాదేశీ కుర్చీలోంచి లేవకుండానే ఉర్దూలో అడిగాడు, ఇక్కడ చూడడానికి ఏముంది చచా అని. ఈ స్లాబు మేము వేశామని చెప్పాను. పైకి చూసి, "కారుతుంది," అన్నాడు.

ఇక్కడ కొంచెం పాత సంగతి చెప్పాలి.

లడాయి మొదలవగానే కాంక్రీటు పంపు నడిపేవాళ్లు తమ దేశాలకు వెళ్లిపోయారు. మా దేశం మమ్మల్ని రమ్మనలేదు, కంపెనీ పొమ్మనలేదు. పంపు ఆగింది గాని పని ఆగలేదు. చెక్కలతో వాలుగా మెట్ల దారి కట్టారు. రబ్బరు తట్టల్లో కాంక్రీటు మాలు నింపుకుని, నెత్తిన పెట్టుకుని, ఒకరి వెనుక ఒకరం ఎక్కాలి. ఆఫీసు మనుషులకు గ్యాసు మాస్కులు ఇచ్చారు. మాకు మా తువ్వాళ్లే. సైరన్ కూస్తే తడిపి మూతికి కట్టుకోండి అన్నారు. వరుసలో అందరమూ కరీంనగర్, నిజామాబాద్ దిక్కువాళ్లమే. ముందు పోశెట్టి, ఆ వెనుక నేను, కడపట రాజమల్లు.

లడాయికి కొద్దిరోజుల ముందు రాజమల్లు పరంజా మీది నుంచి పడ్డాడు. మోకాలు చెడింది. నాటు వైద్యంతో కట్టుకట్టి, ఏమీ కానట్టు పనికి వచ్చాడు. ఫోర్‌మన్‌కు తెలిస్తే ఖురూజ్ కొట్టించేవాడు. ఖురూజ్ అంటే వీసా ముగించి ఇంటికి పంపడం. ఇంటి దగ్గర ఆ మనిషి వీసాకు చేసిన అప్పు ఇంకా కొత్తగానే ఉంది. కుంటే మనిషిని వరుసలో దాచడం ఎట్లా? ఒక్కడు కుంటితే దూరం నుంచైనా తెలుస్తుంది. అందరూ కుంటితే తెలియదు.

ఆ పొద్దున పోశెట్టి ఎవరికీ ఏమీ చెప్పకుండా పాట ఎత్తుకున్నాడు. ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి. పొడుగు, పొట్టి. మాకు రెండు మెట్లలోనే అర్థమైంది. అందరి కాళ్లూ ఆ తాళంలోకి వచ్చాయి. కింద నిలబడిన ఫోర్‌మన్‌కు, ఇండియావాళ్లు పాట పాడుతూ ఏదో తమ ఊరి నడక నడుస్తున్నారు, అంతే.

కాబట్టి ఆ పాట వేగం రాజమల్లు మోకాలి వేగం. ఇది లెక్క. పాట శ్రుతి క్యాంపు జనరేటరుది. రాత్రీ పగలూ ఒకే తీరుగా మూలిగే యంత్రం అది. దాని కిందనే మా గొంతులు ఆనించి పాడేవాళ్లం. పైకి పోతే దుమ్ము మింగాల్సి వస్తుంది. భావం సంగతి అడిగితే, రెండో చరణం ఇది:

ఊరికి ఏమని రాస్తివి అన్న – సల్లగున్నమని రాస్తిని
ఉన్నదున్నట్టు రాస్తె అన్న – ఉత్తరమే బరువైతది

దీన్ని 'హ్యాపీ, పార్టీ' అన్నారు.

ఆ గోదాముల్లో కొన్నింట్లో అమెరికా మిలిట్రీ సామాను పెట్టుకుంది. కాపలాకు ఒక నల్లజాతి సిపాయి ఉండేవాడు. ఒకనాడు మధ్యాహ్నం తిండి వేళ మేము గోడనీడన పాడుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు. మా పాట కన్నా ముందు జనరేటరు మోత విన్నాడు. తల ఒంచి, చెవి అటు పెట్టి విన్నాడు. తర్వాత జేబులోంచి మౌతార్గాన్ తీసి, ఆ మోత పక్కనే ఒక స్వరం పెట్టాడు. పొడుగు, పొట్టి. తప్పలేదు. మేము మొదటి మాట రెండుసార్లు అని, జవాబు మాట ఒక్కసారి అనేవాళ్లం. అతను రెండు వేళ్లు చూపి, తర్వాత ఒక వేలు చూపి, తన గుండె తట్టుకున్నాడు. మీదీ అంతేనా అన్నట్టు నేను చూస్తే, వంగి పత్తి ఏరుతున్నట్టు చేతులు ఆడించాడు. పత్తి ఏరే చెయ్యి ఏ దేశందైనా ఒక్కతీరే కదులుతుంది.

నాకు బడి చదువు మూడో తరగతి వరకే. సిమెంటు బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. అతను అన్న మాటల్లో మూడు పట్టుకున్నాను. స్లో. లో. బ్లూ. మూడోది అప్పుడు అర్థం కాలేదు. తర్వాత కరీంనగర్ గ్రంథాలయంలో కూర్చుని, వాళ్ల తాతలు చేండ్లలో పాడుకున్న దిగులు పాటలకు అదే పేరని చదువుకున్నాను. ఏ ఊరో ఎరుగని సిపాయికి మా పాట వేగం, శ్రుతి, భావం ఒక్క పూటలో తెలిశాయి. జగిత్యాల పిలగాడికి కంప్యూటరు పెట్టుకున్నా తెలియలేదు. నా కోపం ఇదే.

ఇక నా చిక్కు. రాజమల్లుకు ఎవరూ ఏనాడూ చెప్పలేదు. వరుసలో అదొక మర్యాద. నీ కోసం మేము కుంటుతున్నాం అని చెబితే ఆ మనిషి మరునాడు వరుసలో నిలబడడు. మోకాలి నొప్పి తగ్గాక కూడా చెప్పలేదు. ఊరికి వచ్చాక కూడా చెప్పలేదు. ఇప్పుడు ఈ పాట మెల్లగా ఎందుకుండాలో ఆయన నోట చెప్పించాలంటే, ముందు నేను ఆయనకు చెప్పాలి. ఇన్నేండ్లు దాచింది ఒక పెండ్లి డబ్బా కోసం విప్పాలి.

గోదాము బయట నిలబడి చెవి పెట్టాను. జనరేటరు లేదు. అంతా లైను కరెంటే. పాడబోతే శ్రుతి దొరకలేదు. నర్సింలు హారన్ కొట్టాడు.

బస్సు

రియాద్ నుంచి అభాకు బస్సులో పగలంతా ప్రయాణం. విమానంలో పొమ్మని నర్సింలు పోరు పెట్టాడు. నేల మీద పోతే గాని దేశం ఎంత పెద్దదో తెలియదని నేనన్నాను. తెలిసింది. నడుము పట్టేసింది. ఇసుక, రాయి, ఇసుక, ఒంటె, మళ్లీ ఇసుక.

ముందు సీట్లో నల్ల బురఖాలో ఒకామె ఫోనులో గట్టిగా మాట్లాడుతోంది. "కోడిని అమ్మొద్దని చెప్పు మీ నాయనకు!" అంటే తెలుగని తెలిసింది. పేరు రమణమ్మ, రాయచోటి దగ్గర ఊరు. అభా పక్కన ఖమీస్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. పాస్‌పోర్టు పని మీద రియాద్ వచ్చి తిరిగిపోతోంది.

"యాడికి పోతాండావు పెద్దాయనా, ఈ వయసులో?"

చెప్పాను. పెండ్లి పాట ఫోనులో వినిపించాను. ఆమె రెండో మాటకే తల ఊపింది.

"ఓ, ఇదా! మా చెల్లెలి కూతురు పెండ్లిలో ఇదే ఏసినారు. నేనూ ఎగిరినా."

"ఇది ఎగిరే పాట కాదమ్మా. ఏడుపు పాట."

"ఏడ్చేదానికి పాట యాలబ్బా? ఊరికెనే ఏడ్చొచ్చు గదా."

నేను ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆమె ముసుగు సవరించుకుని మళ్లీ అంది:

"నేను గిన్నెలు తోమేటప్పుడు పాడుకుంటా పెద్దాయనా. మెల్లిగ పాడితే మేడమొచ్చి ఒంట్లో బాగలేదా అంటాది. బిర్రుగా పాడితే హుషారుగా ఉండావే అని ఇంగో పని చెప్తాది. అందుకని నడిమధ్యన పాడతా."

ఈ మాట ఏ సంగీత పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపారు. అందరూ మందీ అనే అరబ్బు అన్నం తిన్నారు. అన్నం మీద మాంసం పెట్టి పళ్లెం నింపి ఇస్తారు, నలుగురు ఒక పళ్లెం చుట్టూ కూర్చుంటారు. మనలో ఒక ఆకులో మరొకరు చెయ్యి పెడితే ఎంగిలి. అక్కడ పెట్టకపోతే తప్పు. నా పక్కన కూర్చున్న పఠాన్ మంచి ముక్కలన్నీ ఏరి నా వైపు నెట్టాడు. మాంసం బాగుంది. కారం లేదు. నా సంచిలో రాజమల్లు కోసం తెచ్చిన మామిడి తొక్కు పచ్చడి సీసా ఉంది. దాని మూత మీదికి రెండుసార్లు చెయ్యి పోయింది, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాను.

కాళ్లు కడుక్కోవడానికి వెనుకకు పోయాను. వచ్చేసరికి బస్సు కదులుతోంది. రమణమ్మ మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి, డ్రైవరు మీద అరబ్బీలో అరుస్తోంది. 'ఆగు, ఆగు' అన్నది ఒక్కటే నాకు అర్థమైంది. నేను ఉరకబోయాను. మోకాళ్లు ఉరకలేదు. బస్సు కిటికీలన్నింట్లో ముఖాలు. అందరూ నా కోసం ఆగి, నన్నే చూస్తున్నారు. పఠాన్ కిటికీలోంచి, "ఆరామ్ సే చచా, ఆరామ్ సే," అన్నాడు. అంత దయగా అనకపోయినా బాగుండేదనిపించింది.

"ఏం పెద్దాయనా, బస్సంతా నీ అడుగులే లెక్కపెట్టినాది," అంది రమణమ్మ నేనెక్కగానే.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఖమీస్ వచ్చేదాకా కిటికీలోంచి ఇసుకనే చూశాను. ఆయన కోసం మేము కుంటిన సంగతి రాజమల్లుకు చెప్పాలా వద్దా అన్నది, కూర్చుని ఆలోచించినప్పుడు ఒకలా ఉండింది. ఆ బంకు దగ్గర నడిచిన నడక తర్వాత వేరేలా ఉంది.

అభా

సౌదీ అంటే ఎండ అని నేను స్వెట్టరు తేలేదు. అభాలో మబ్బు నేల మీదే నడుస్తుంది. బస్సు దిగేసరికి పళ్లు కొట్టుకున్నాయి. ఎదురుగా మంచులోంచి ఒక మనిషి వస్తున్నాడు. ముఖం కనబడక ముందే నడక కనబడింది. ఒక అడుగు పొడుగు, ఒక అడుగు పొట్టి.

"శంకరన్నా! ముసలోనివైనవే!"

"నువ్వు పడుచుగున్నవా?"

"ఈడ చలికి మనిషి పాడుగాడే. ఫ్రిజ్జుల పెట్టినట్టుంటడు." తన కోటు విప్పి నాకు తొడిగాడు. గొర్రె వాసన.

ఆయన పనిచేసే తోట కొండ చరియల మీద మెట్లు మెట్లుగా ఉంది. దానిమ్మ, అంజీరు, కొంత జొన్న. ఒక చిన్న గది, గదిలో గ్యాసు పొయ్యి, గోడకు ఇంటివాళ్ల ఫోటో. ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడే. కఫీల్ తండ్రి మాత్రం పొద్దున్నే వచ్చి రాజమల్లును తిట్టి, ఆయన చేతి చాయ్ తాగి పోతాడట. "తిట్టని దినం నాకే బుగులైతది, ముసలాయన పానం బాగలేదేమోనని," అన్నాడు రాజమల్లు.

రాత్రికి జొన్నరొట్టె చేశాడు. అక్కడి జొన్న కొంచెం ఎర్రగా ఉంటుంది, రొట్టె మన రొట్టె కన్నా మెత్తన. తొక్కు సీసా మూత తీస్తే ముందు వాసన పీల్చాడు. తర్వాత రొట్టె అంతా ఉత్త తొక్కుతోనే తిన్నాడు. కూర ముట్టుకోలేదు.

మరునాడు సంతకు తీసుకుపోయాడు. అక్కడి కొండ మనుషులు, గడ్డాలు నెరిసిన మగవాళ్లు, తలచుట్టూ పూలదండలు పెట్టుకుని బేరాలు చేస్తున్నారు. బంతిపూలు, తులసిలాంటి ఆకులు. మన దగ్గర మగవాడు తలలో పువ్వు పెట్టుకుంటే ఊరంతా నవ్వుతుంది. అక్కడ పెట్టుకోకపోతే, ఇంట్లో ఏం కష్టమొచ్చిందని అడుగుతారట. రాజమల్లు నాకొక దండ కొన్నాడు, పది రియాళ్లు. పెట్టుకోనన్నాను. తనే పెట్టుకుని సంతంతా తిరిగాడు. తేనె అమ్మే ముసలాయన మా ఇద్దరినీ చూసి, పూలు లేని నా తల వైపు జాలిగా చేయి చూపాడు.

ఆ మధ్యాహ్నం తోటలో కూర్చున్నప్పుడు పెండ్లి పాట వినిపించాను. కడదాకా విన్నాడు. మధ్యలో ఒకచోట ముఖం కొంచెం చిట్లించినట్టు కనబడింది.

"మంచిగనే కొడుతుండ్రు," అన్నాడు చివరికి.

"మన పాట గిట్లనే ఉండెనా?"

"మనం పాడితే మన తీరుగుండె. వాళ్లు పాడితే వాళ్ల తీరు."

"మెల్లగుండె గదా?"

ఆయన దానిమ్మ చెట్టు మొదట్లో మట్టి ఎగదోస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు:

"నాకు మెల్లగ అనిపియ్యలే అన్న. నాకు సరిగ్గనే ఉండె."

అక్కడే ఆగిపోయాను. కుంటే మనిషికి ఆ వేగం సరిగ్గానే ఉంటుంది. అది మెల్లన అని చెప్పాలంటే తక్కినవాళ్ల వేగమేదో చెప్పాలి. సరే, చెప్పే పోదామని గొంతు సవరించుకున్నాను. "రాజమల్లూ, నీ మోకాలు..." అన్నానో లేదో, చెట్టు మీది నుంచి ధబ్బున ఏదో దూకింది. కోతి అనడానికి లేదు, దూడంత ఉంది, బూడిద జూలు, కుక్క మూతి. ఆయనకని తెచ్చిన బియ్యప్పిండి సకినాల సంచి పట్టుకుని చరియ మీదికి పోయి కూర్చుంది. ఒక సకినం తీసింది, వాసన చూసింది, కొరికింది. తర్వాత పిల్లల్ని పిలిచింది.

రాజమల్లు నవ్వి నవ్వి కింద కూర్చున్నాడు. "గట్టిగున్నయని నేను తినకపోదునే. వాటికి నోట్ల పండ్లున్నయ్!"

నా ఇంటావిడ రెండు రోజులు చేసిన సకినాలు. నేను రాయి విసిరితే, అది నా వైపు ఒకటి విసిరింది. సకినం కాదు, రాయే. ఆ నవ్వులో మోకాలి మాట కొట్టుకుపోయింది. మళ్లీ ఎత్తుకోవడానికి నాకు చేతకాలేదు. రెండు రోజులు ఆయన వెనుక తోటంతా తిరిగాను. నీళ్ల ధర అడిగాను, ఎరువు సంగతి అడిగాను, కొడుకు చదువు అడిగాను. ఆయన ముందు నడుస్తుంటే, నా కాళ్లు ఎవరూ చెప్పకుండానే ఆయన నడకలో పడ్డాయి. అది గమనించి సరిచేసుకున్నాను.

బస్టాండు దాకా వచ్చాడు. కోటు విప్పి ఇవ్వబోతే వద్దన్నాడు.

"ఏదో అడగొచ్చినవు. అడగలే."

"పాట సంగతేనే. ఆ పిలగానికి ఎవరన్న చెప్పాలె. నీ మాట కావాలంటుండు."

"చెప్త తియ్యి," అన్నాడు. "సోంచాయించి చెప్త. నేను జల్ది చెప్పెటోన్ని కాదని నీకెరుకే గదా."

బస్సు కదిలేటప్పుడు వెనుకకు తిరిగి చూశాను. మంచులోకి పోతున్నాడు. ముఖం కనబడలేదు.

కోరుట్ల

తిరిగి వచ్చి చాలా రోజులైంది. రియాద్‌లో కొన్న ఖర్జూరాలు అయిపోయాయి. కోటు ఎండలో వేసినా గొర్రె వాసన పోలేదు. జగిత్యాల పిలగాడు ఒకసారి తనే ఫోన్ చేశాడు. "తాతా, సాక్షి ఏమన్నడు?" అంటే, "సోంచాయిస్తుండు," అన్నాను. వాడు నవ్వలేదు. అది వాడికి ఒక మార్కు.

ఈలోపల మా వాడకట్టులోనే ఇంకో పెండ్లి అయింది. అదే పాట. ఈసారి వైరు పీకలేదు. అరుగు మీద కూర్చుని విన్నాను. ముందు పిల్లలు ఎగురుతూ పోతున్నారు. వెనుక చాలా దూరంలో, పెండ్లికొడుకు నాయనమ్మ కట్టె పట్టుకుని వస్తోంది. ఆమె మా అరుగు దాకా వచ్చేసరికి పాట రెండు వీధులు దాటిపోయింది.

ఆ మరునాడు పొద్దున ఫోనులో రాజమల్లు గొంతు వచ్చింది. మాట రికార్డు చేసి పంపాడు. వెనుక తోటలో నీళ్ల మోటరు మోగుతోంది. ముందు ఆ మోత కాసేపు, తర్వాత ఒక దగ్గు, తర్వాత ఇది:

"శంకరన్నా, పైలమేనా. నువ్వు ఏం అడగొచ్చినవో నాకు ఎరుకే. మీరంత నా కాలు నడక నడిచిన్రని మొదటి దినమే ఎరుక నాకు. ఇంతమంది కాళ్లు ఒక్కపారే కుంటివైతయానే? నాకు తెల్సిందని తెలిస్తే పోశెట్టన్న పాట బందు పెడుతుండె, అందుకని తెల్వనట్టే ఉన్న. ఇగ ఆ పిలగానికి నా పేరు మీద చెప్పు. ఉరికిచ్చుకుంటే ఉరికిచ్చుకొమ్మను, పెండ్లిల ఉరకకపోతే ఇంకెక్కడ ఉరుకుతరు. గని మొదటి మాట ఒక్కసారే అని ముంగటికి పోతుండు సూడు, అది తప్పు. రెండుసార్లు అనాలె. మొదటిసారి మీరు మెట్టెక్కెటందుకు. రెండోసారి నేను వచ్చి కలిసెటందుకు."